గుర్రం కొనేవారికి ఒక హెచ్చరిక: అమ్మినవారి శాలలోనే గుర్రాన్ని వదలకండి

హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్, శంషాబాద్, చేవెళ్ల వైపు స్వారీ నేర్పే శాలలు పెరిగినకొద్దీ, పిల్లల కోసం సొంతంగా గుర్రం కొనే కుటుంబాలూ పెరిగాయి. వాటిలో మాదీ ఒకటి. గత ఏడాది మా అమ్మాయి కోసం నగర శివారులోని ఒక శాలలో గుర్రాన్ని కొని, అక్కడే నెలవారీ అద్దెకు ఉంచి, ఏడు నెలల్లో డబ్బూ మనశ్శాంతీ పోగొట్టుకున్నాము. వ్యవహారం వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నందున ఆ శాల పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు కంటే మేము మోసపోయిన తీరు తెలిస్తేనే తోటి కొనుగోలుదారులకు ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

మేము గుర్రాన్ని చూడటానికి వెళ్ళింది ఒక ఆదివారం ఉదయం. వస్తున్నామని ముందురోజే ఫోను చేసి చెప్పాము, మొదటి తప్పు అదే. మేము వెళ్ళేసరికి గుర్రానికి ఒళ్ళు తోమి, జూలు దువ్వి, ముందుకాళ్ళు రెంటికీ ఎర్రటి పట్టీలు చుట్టి నిలబెట్టారు. శాల ముందు గచ్చు మీద నీళ్ళు ఇంకా ఆరలేదు. ఎండాకాలం కదా, స్నానం చేయించి ఉంటారని అనుకున్నాను. చూసేవారు వచ్చే ముందు కాళ్ళ మీద కాసేపు చన్నీళ్ళు పట్టిస్తే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులోని వేడి, వాపు తాత్కాలికంగా అణుగుతాయని, మిగిలినదేమైనా ఉంటే పట్టీ దాచేస్తుందని అప్పటికి నాకు తెలియదు. యజమాని గుర్రం గొంతు కింద ఉన్న సుడిని చూపించి, అది దేవమణి అని, అటువంటి సుడి ఉన్న గుర్రం ఇంటికి వస్తే కలిసివస్తుందని ఇరవై నిమిషాల పాటు చెప్పారు. నేను సుడి చూస్తూ నిలబడ్డాను గాని, ఒక్క పట్టీ విప్పమని అడగలేదు. ఆ రోజు సుడి బాగున్నది ఆయనకే.

వయసు ఏడేళ్ళని, పందేల నుంచి మామూలుగానే విశ్రాంతి ఇచ్చారని, కాలికి ఎన్నడూ దెబ్బ తగలలేదని చెప్పారు. పందేల కోసం పెంచే థరోబ్రెడ్ జాతి గుర్రాలు, పందేలు మానాక స్వారీ శాలలకు రావడం దేశమంతటా ఉన్నదే, వాటిలో ఎంతో మంచి గుర్రాలూ ఉంటాయి. కాబట్టి తప్పు ఆ జాతిదో, పందేలదో కాదు. రెండు లక్షల నలభై వేలకు బేరం కుదిరింది. పత్రాలు వారంలో ఇస్తామన్నారు. గుర్రానికి అలవాటైన చోటు కనుక ఇక్కడే ఉంచడం మంచిదని, నెలకు పద్దెనిమిది వేలకు మేత, గుర్రాన్ని చూసుకునే సైసు జీతం, పశువైద్యుడి రాకపోకలు అన్నీ తామే చూసుకుంటామని చెప్పారు. ఒకే చోట అన్నీ కుదురుతున్నాయని మేము సంతోషించాము. అమ్మేవారు, మేపేవారు, వైద్యుణ్ణి పిలిచేవారు ఒక్కరే అయితే, గుర్రానికి ఏమి జరిగినా మనకు చెప్పే మనిషంటూ ఎవరూ మిగలరన్న ఆలోచన అప్పుడు రాలేదు.

ఐదో రోజున గుర్రం కుంటింది. మైదానం గట్టిగా ఉందన్నారు. పదో రోజున మళ్ళీ కుంటింది, లాడం బిగుసుకుందన్నారు. లాడాలు విప్పి మళ్ళీ కొట్టించారు, దాని ఖర్చు మా ఖాతాలోనే రాశారు. నెల తిరిగాక, శాలతో ఏ సంబంధమూ లేని పశువైద్యుణ్ణి మా ఖర్చుతో తీసుకువెళ్ళాము. ఆయన పట్టీలు విప్పించి, మోకాలి కింద ఎముక వెనుక భాగాన్ని బొటనవేలితో పై నుంచి కిందికి నెమ్మదిగా నిమిరి, తరువాత నా చేతిని పట్టుకుని అదే చోట పెట్టించారు. కుడికాలు తాడులా నునుపుగా, తిన్నగా ఉంది. ఎడమకాలి మీద మధ్యలో విల్లులా వెనక్కి ఉబ్బిన గడ్డ చేతికి తగిలింది. అల్ట్రాసౌండులో స్నాయువు పాత చిరుగు స్పష్టంగా కనిపించింది. అది పందేల కాలంలో తగిలిన దెబ్బే అయి ఉంటుందని, ఇలాంటి కాలితో గెంతులు, దూకుళ్ళు నేర్పించడం మా అమ్మాయికీ ప్రమాదమేనని ఆయన చెప్పారు.

మరి చూసిన రోజున ఎందుకు కుంటలేదని అడిగాను. గుర్రాలవారు బ్యూట్ అని పిలిచే ఫినైల్‌బ్యూటజోన్ వంటి నొప్పిమందు ఇస్తే, కుంటుతున్న గుర్రం కూడా ఒకటి రెండు రోజులు బాగానే నడవగలదని ఆయన చెప్పారు. మా గుర్రానికి ఆ మందు ఇచ్చారని నేను రుజువు చేయలేను, ఎందుకంటే ఆ రోజు మేము రక్తం తీయించలేదు. బేరం కుదిరిన రోజునే, డబ్బు చేతులు మారకముందే, మన వైద్యుడు రక్తపు నమూనా తీసి ప్రయోగశాలలో భద్రపరిస్తే, తరువాత గొడవ వచ్చినప్పుడు దాన్ని పరీక్షించవచ్చు. ఈ ఒక్క పని చేసి ఉంటే ఈరోజు మా కేసు వేరుగా ఉండేది. నమూనా తీయడానికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం ఆడవలసిన అవసరమే లేదు.

వయసు సంగతీ అదే రోజున బయటపడింది. వైద్యుడు గుర్రం పైపెదవి ఎత్తి, పైవరుసలో చివరి ముందుపన్ను మీద చిగురు నుంచి కిందికి దిగుతున్న సన్నని గోధుమరంగు గాడిని చూపించారు. సుమారు పదేళ్ళకు ఆ గాడి చిగురు దగ్గర మొదలై, పదిహేనేళ్ళకు పన్ను సగం వరకు, ఇరవై ఏళ్ళకు పూర్తిగా దిగుతుంది. మా గుర్రానికి అది పన్ను సగానికి చేరడానికి కొద్దిగా ముందే ఆగింది. పన్ను చూసి చెప్పే వయసు అంచనా మాత్రమేనని ఆయనే హెచ్చరించి, మెడలోని మైక్రోచిప్‌ను పరికరంతో చదివారు. చివరకు పత్రాలు దొరికినప్పుడు గుర్రం వయసు పద్నాలుగేళ్ళని తేలింది. ఏడుకు రెట్టింపు. థరోబ్రెడ్ అని అమ్మేవారు దాని పత్రాన్ని వారం తరువాత ఇవ్వడానికి సరైన కారణమేదీ ఉండదు. పత్రంలోని చిప్ సంఖ్య, గుర్రం మెడలోని సంఖ్య, గుర్రం ఒంటి మీది మచ్చలు మూడూ అక్కడికక్కడే సరిపోవాలి.

ఇంత తెలిశాక కూడా గుర్రాన్ని వెంటనే మార్చకపోవడం మా రెండో తప్పు. వేరే చోటు దొరికేదాకా ఉంచుదామనుకున్నాము. ఆ మధ్యలోనే అసలు ప్రమాదం జరిగింది. నాలుగు వందల యాభై కిలోల గుర్రానికి రోజుకు తన బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం, అంటే సుమారు ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుమేత కావాలి. ముప్ఫై లీటర్ల పైచిలుకు నీళ్ళు కావాలి, వేసవిలో ఇంకా ఎక్కువ. ఇక్కడ మంచి ఎండుగడ్డి మేము వెళ్ళే శని, ఆదివారాల్లోనే కనిపించేది. మిగిలిన రోజుల్లో వరిగడ్డి వేసి, కడుపు నిండిందనిపించడానికి ఉలవలు, తవుడు ఎక్కువ పెట్టేవారని సైసు తరువాత మాకు చెప్పాడు. చెప్పినందుకు అతని ఉద్యోగం పోకూడదని నేను వివరాలు రాయడం లేదు. దాణాను తొట్టిలో కాక ఇసుక నేల మీదే పోసేవారు.

ఒక మంగళవారం రాత్రి గుర్రం నేలను గీరడం, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకోవడం, చెమటలు పట్టి పొర్లడం మొదలుపెట్టిందట. మాకు ఫోను వచ్చింది మరుసటి ఉదయం ఆరున్నరకు. గుర్రం వాంతి చేసుకోగల జంతువు కాదు, కాబట్టి దాని కడుపునొప్పిని మనుషుల కడుపునొప్పిలా తెల్లవారేదాకా చూద్దామని వదలడానికి లేదు. రాత్రంతా వారు చేసినదల్లా గుర్రాన్ని నడిపించి, వాము, ఇంగువ మరిగించిన కషాయాన్ని సీసాతో నోట్లో పోయడం. అలా పోసినది ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వచ్చి గుర్రం చనిపోయే ప్రమాదం ఉంది. మా వైద్యుడు వచ్చేసరికి నాడి నిమిషానికి అరవై దాటింది. నిలకడగా ఉన్న గుర్రానికి అది ఇరవై ఎనిమిది నుంచి నలభై నాలుగు మధ్య ఉండాలి. ఆయన నొప్పిమందు ఇచ్చి, ముక్కు గుండా కడుపులోకి గొట్టం వేసి, పెద్దపేగులో మేత గట్టిపడి అడ్డుపడిందని నిర్ధారించి, గోరువెచ్చని నీటితో పారఫిన్ నూనె పంపారు. సాయంత్రానికి లద్దె పడింది. ఆయన నాలుగు లద్దె ఉండలను పారదర్శకమైన చేతితొడుగులో వేసి, నీళ్ళు పోసి, శాల గోడ మేకుకు తగిలించారు. పది నిమిషాల్లో తొడుగు వేళ్ళన్నీ ఇసుకతో నిండాయి. ఎవరికీ అనుమానం రాకుండా ఇంటికి నాలుగు ఉండలు తెచ్చుకుని ఎవరైనా చేయగల పరీక్ష ఇది.

గుర్రాన్ని తీసుకువెళతామంటే, బాకీ కింద మూడు నెలల అద్దె కడితే తప్ప గేటు దాటనివ్వమన్నారు. మా దగ్గర రాతపూర్వక ఒప్పందం లేదు. చెల్లించిన డబ్బులో సగం చేతికిచ్చినదే. కట్టి తెచ్చుకున్నాము. కొత్త శాలవారు గ్లాండర్స్ అనే అంటువ్యాధి లేదన్న నివేదిక ఉంటే తప్ప లోపలికి రానివ్వలేదు. వారిపై నాకు అప్పుడు కోపం వచ్చినా, వారు చేసినదే సరైనది. ఆ బ్యాక్టీరియా వ్యాధి మనుషులకూ సోకుతుంది. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నియంత్రణ చట్టం కింద తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసినది. అది నిర్ధారణ అయిన గుర్రానికి చికిత్స ఉండదు, ప్రాణం తీయవలసిందే. కొన్నప్పుడు మాకిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రంలో ఈ పరీక్ష ప్రస్తావనే లేదు, అసలు ఎవరూ రక్తమే తీయలేదు. మా గుర్రం రక్తపు నమూనా పశుసంవర్ధక శాఖ ద్వారా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్ళి, వ్యాధి లేదని తేలేదాకా గుర్రాన్ని విడిగా ఒక పొలంలో ఉంచవలసి వచ్చింది.

కొనబోయేవారికి నేను చెప్పేది ఇంతే: చెప్పకుండా వెళ్ళండి, స్వారీకి ముందు చల్లగా నిలబడి ఉన్న గుర్రాన్ని చూడండి, పట్టీలు విప్పించి రెండు కాళ్ళనూ చేత్తో పోల్చండి, మీ వైద్యుణ్ణి మీరే తీసుకువెళ్ళండి. కొన్న గుర్రాన్ని వేరొకరి శాలలో ఉంచండి. అద్దె ఒప్పందంలో రోజుకు ఎన్ని కిలోల ఏ గడ్డి వేస్తారో, కడుపునొప్పి వస్తే ఎంతసేపట్లో ఫోను చేస్తారో, ఎప్పుడు తీసుకువెళ్ళవచ్చో రాయించండి. ఇప్పటికే నష్టపోయినవారు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. రశీదులు, ఫోను సందేశాలు, వైద్యుడి నివేదికలు చెరిపేయకుండా ఉంచుకోండి.

మా గుర్రం ఇప్పుడు కోలుకుంది, స్వారీకి మాత్రం పనికిరాదు. మా అమ్మాయి రోజూ సాయంత్రం పగ్గం పట్టుకుని ఇరవై నిమిషాలు నడిపిస్తుంది. మేము వచ్చేసేనాటికి ఆ శాలలో మావంటి కుటుంబాల గుర్రాలు మరో ఏడు ఉన్నాయి. ఎక్కడ ఉంచినవారైనా సరే, ఈ వారం ఒక పనిదినాన, రాత్రి ఎనిమిది దాటాక, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి నీళ్ళ తొట్టిలో చేయి పెట్టి చూడండి.