గంపగుత్త బేరమా, విడి బేరమా? ఆసియాన్‌తో ఏది మేలు

ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ మనకు పొరుగే. అందులోని మయన్మార్‌తో మన సరిహద్దు 1,643 కిలోమీటర్లు. ఆ కూటమితో సరుకుల వ్యాపార ఒప్పందం మీద 2009 ఆగస్టులో బ్యాంకాక్‌లో సంతకాలయ్యాయి, 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మనకు నష్టంగా ఉందని ఢిల్లీయే పట్టుబట్టి సమీక్ష మొదలుపెట్టించింది, 2025 లోపు ముగించాలని గడువు కూడా పెట్టుకున్నారు. ఇలాంటి వార్త కనిపిస్తే తిరుపతిలో చాలామంది పేజీ తిప్పేస్తారు. నిజానికి రేణిగుంట దగ్గర తయారయ్యే టీవీ, శ్రీసిటీలో బిగించే బండి, పడమటి మండలాల చెనక్కాయ, చిత్తూరు తోతాపురి మామిడి, ఈ నాలుగింటికీ ఇలాంటి ఒప్పందాలతో లెక్క ఉంది. కూటమి మొత్తంతో ఒకే ఒప్పందం మేలా, ఒక్కో దేశంతో విడిగా మాట్లాడుకోవడం మేలా అన్నది వీటి మీదే పెట్టి చూద్దాం. నా మొగ్గు విడి బేరం వైపే. శ్రీసిటీ విషయంలో మాత్రం కాస్త తటపటాయిస్తాను.

మామిడి తోట ఉన్నవాళ్లకు గుత్త సంగతి చెప్పక్కర్లేదు. తోట మొత్తం ఒకరికే ఇచ్చేస్తే తలనొప్పి ఉండదు, కానీ ఏ చెట్టు ఎంత కాసినా ఆ లాభం మనది కాదు. ఆసియాన్ ఒప్పందం అలాంటిదే. అప్పటి పది దేశాలకూ దాదాపు ఒకే జాబితా ప్రకారం తలుపు తీశాం. వాళ్లు మాత్రం ఎవరికి వీలైనంత వాళ్లు తీశారు. ఇండోనేషియా మనకన్నా బాగా తక్కువ తెరిచింది. 2010-11లో 5 బిలియన్ డాలర్ల దగ్గరున్న మన వ్యాపార లోటు 2022-23కి 43 బిలియన్లు దాటింది. లోటంతా ఒప్పందం వల్లే అనను. బొగ్గు, నూనె ఎలాగూ కొనాల్సినవే.

టీవీ కథ దగ్గర కాస్త ఆగాలి. 2009లో సంతకం పెట్టినప్పుడు వియత్నాం ఇంత పెద్ద ఎలక్ట్రానిక్స్ దేశమవుతుందని లెక్కలోకి ఎవరు తీసుకున్నారు? పదిమందిలో ఒకరిగా దానికీ తలుపు తెరుచుకుంది. 2018 నాటికి పరిస్థితి ఏమిటంటే, టీవీ లోపలి ప్యానెల్ తెచ్చుకుని ఇక్కడ బిగిస్తే ప్యానెల్‌కు సుంకం కట్టాలి, పూర్తి టీవీని వియత్నాం నుంచి దింపితే ఒప్పందం కింద సుంకమే లేదు. శాంసంగ్ ఆ ఏడాది చెన్నై దగ్గర టీవీల తయారీ ఆపేసి వియత్నాం నుంచి తెప్పించుకుంది. వ్యాపారం చేసేవాడు ఇంకేం చేస్తాడు? అంతకు ముందు ఏడాదే డిక్సన్ అనే కంపెనీ తిరుపతిలో టీవీల తయారీ మొదలుపెట్టింది. ఇక్కడి ఫ్యాక్టరీలకు ఊపిరి అందింది ఒప్పందం మార్చడం వల్ల కాదు. 2019లో ప్యానెల్ సుంకం కొన్నాళ్లు ఎత్తేసి, 2020 జులైలో టీవీల దిగుమతికి లైసెన్స్ తప్పనిసరి చేశారు. ఒప్పందం ఉండగానే పక్కదారిలో అడ్డుకట్ట వేయాల్సి వచ్చిందన్నమాట. వియత్నాంతో విడి ఒప్పందమే ఉండి ఉంటే టీవీల దగ్గర కూర్చుని ఆ ఒక్క దేశంతోనే తేల్చుకునేవాళ్లం.

శ్రీసిటీకి వస్తే లెక్క తిరగబడుతుంది. ఇసుజు 2016 నుంచి అక్కడ బండ్లు చేస్తోంది. జపాన్ కంపెనీ, పికప్ బండ్లకు దాని పెద్ద స్థావరం థాయ్‌లాండ్. జపాన్‌తో మనకు 2011 నుంచి విడి ఒప్పందం ఉంది, థాయ్‌లాండ్‌తో ఆసియాన్ ఒప్పందం. ఒక విడిభాగంలో కొంత పని జపాన్‌లో, కొంత థాయ్‌లాండ్‌లో జరిగితే? ఆసియాన్ ఒప్పందం ప్రకారం సరుకు విలువలో కనీసం 35 శాతం కూటమి లోపల చేరాలి. పది దేశాల పనీ కలిపి లెక్క కడతారు గానీ జపాన్ పని ఆ లెక్కలోకి రాదు. కాబట్టి సగం సగం జరిగిన భాగం అటూ కాక ఇటూ కాక పూర్తి సుంకంతో దిగే ప్రమాదం ఉంది. ఎన్ని విడి ఒప్పందాలుంటే అన్ని నిబంధనలు, అన్ని సర్టిఫికెట్లు, అకౌంట్స్ వాళ్లకు అంత టెన్షన్. ఇలాంటి ఫ్యాక్టరీకి పెద్ద కూటమే నయం. ఆసియాన్, చైనా, జపాన్, కొరియా అన్నీ ఉన్న పెద్ద వ్యాపార ఒప్పందం ఆర్‌సెప్ చర్చల నుంచి 2019 నవంబరులో మనం బయటికి వచ్చినప్పుడు పోగొట్టుకున్న సౌకర్యం ఇదే. అయినా చైనా సరుకు భయంతో చూస్తే ఆ నిర్ణయం తప్పని నేననను.

చెనక్కాయ సంగతి పైకి కనిపించినంత సులువు కాదు. మలేషియా, ఇండోనేషియా పామాయిల్ వచ్చి చెనక్కాయ నూనెను మింగేసిందని పల్లెల్లో అంటారు. అందులో నిజముంది. కానీ ఆసియాన్ ఒప్పందంలో పామాయిల్ ప్రత్యేక జాబితాలో ఉంది. ముడి నూనె మీద 37.5 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు మనం వదులుకోలేదు. 2025 మే చివర్లో ముడి నూనెల మీద మూల సుంకాన్ని 10 శాతానికి తగ్గించింది మన ప్రభుత్వమే. ప్యాకెట్ ధర పెరిగితే ఊరుకోని కొనుగోలుదారులు రైతులకన్నా ఎక్కువమంది కదా. అయితే విడి ఒప్పందం బలం ఏమిటో కూడా ఈ నూనెలోనే కనిపించింది. 2019లో మలేషియాతో ఉన్న ప్రత్యేక ఒప్పందం వల్ల దాని శుద్ధి నూనెకు 45 శాతం, ఇండోనేషియా నూనెకు 50 శాతం సుంకం పడేది. మలేషియా సరుకు ఎక్కువై మన మిల్లులు మొరపెట్టుకుంటే, ఆ ఒక్క దేశం మీదే 5 శాతం రక్షణ సుంకం వేశారు. తక్కిన తొమ్మిది దేశాలతో పేచీ లేదు.

విడి బేరం అంటే గుడ్డిగా మంచిదని కూడా అనుకోవద్దు. శ్రీలంకతో 2000 నుంచి అమలైన ఒప్పందంలో జరిగింది చూడండి. శ్రీలంకలో పామాయిల్ పండేది తక్కువే, అయినా అక్కడి నుంచి వనస్పతి మన మీదికి వచ్చి పడింది. బయటి పామాయిల్ తెచ్చి అక్కడ వనస్పతి చేసి, సుంకం లేకుండా ఇటు పంపారు. చివరికి ఏడాదికి ఇంతే అని 2.5 లక్షల టన్నుల కోటా పెట్టాల్సి వచ్చింది. ఒప్పందం ఎవరితో అన్నదానికన్నా సరుకు ఎక్కడ పుట్టిందని ఎలా తేలుస్తారన్నదే అసలు బేరం. ఆసియాన్ సమీక్షలో నేను ముందు చూసేది కూడా ఇదే: అన్ని సరుకులకూ ఒకటే 35 శాతం సూత్రం ఉంచుతారా, టీవీకి ఒకటి, నూనెకు ఒకటి రాసుకుంటారా?

ఇక మామిడి. తోతాపురి గుజ్జుకు ఆసియాన్‌తో పెద్ద పని లేదు, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ వాళ్లకు వాళ్ల మామిడే ఉంది. మన గుజ్జు డ్రమ్ములు ఎక్కువగా వెళ్లేది గల్ఫ్‌కు, యూరప్‌కు. గల్ఫ్‌లోనూ ఇదే ప్రశ్న వచ్చింది. ఆరు దేశాల గల్ఫ్ కూటమితో 2004లో చర్చలకు ప్రాథమిక ఒప్పందం చేసుకుని, 2006, 2008ల్లో రెండు దఫాలు మాట్లాడి, అక్కడే ఏళ్ల తరబడి ఆగిపోయాం. అదే యూఏఈ ఒక్కదానితో కూర్చుంటే 2022 ఫిబ్రవరిలో సంతకం, మే 1కి అమలు. కూటమి కోసం కాచుకుని ఉంటే ఇంకా కాచుకునే ఉండేవాళ్లం. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం కలపాల్సి వచ్చింది. దానికి కారణం సుంకం కాదు, ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు మిగిలిపోవడం. అయినా కొనేవాడు ఇంకొకడు ఉంటే ఆ డ్రమ్ములు కదిలేవి. చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీల వాళ్లు అడగాల్సింది గల్ఫ్ కూటమి మొత్తాన్ని కాదు, సౌదీతో విడిగా ఒక ఒప్పందం, అందులో పండ్ల గుజ్జుకు పేరుపెట్టి ఒక వరుస.