వెసికిల్ విడుదల కొలవడానికి ఏది మేలు: కెపాసిటెన్సా, యాంపెరోమెట్రీయా?

అడ్రినలిన్ విడుదల చేసే క్రోమాఫిన్ కణంలో కాల్షియం ఛానళ్లు తెరుచుకోగానే లోపలికొచ్చిన కాల్షియం సినాప్టోటాగ్మిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుంటుంది. స్నేర్ ప్రోటీన్లు అప్పటికే దగ్గరికి లాగి ఉంచిన వెసికిల్ (రసాయనం నిండిన చిన్న సంచి) కణపొరలో కలిసిపోతుంది, లోపలి రసాయనం బయటపడుతుంది. ఎంత కాల్షియానికి ఎంత వేగంగా కలుస్తుందన్నది మీ ప్రశ్న అయితే ప్యాచ్ క్లాంప్ (కణానికి గాజు పిపెట్ అతికించి విద్యుత్తు కొలిచే పద్ధతి) కెపాసిటెన్సే నయం. కలిసేటప్పుడు రంధ్రం ఎలా తెరుచుకుంటుందో చూడాలంటే యాంపెరోమెట్రీ, అంటే కార్బన్ ఫైబర్ పట్టుకోవాలి.

1982లో నెహర్, మార్టీ చూపించిన కెపాసిటెన్స్ పద్ధతి సూటిగా ఉంటుంది: పొర పెరిగితే కెపాసిటెన్స్, అంటే పొర విద్యుదావేశాన్ని నిలవ ఉంచుకునే సామర్థ్యం, పెరుగుతుంది. చదరపు మైక్రోమీటరుకు సుమారు 10 ఫెమ్టోఫారడ్లు. 300 నానోమీటర్ల గ్రాన్యూల్ (క్రోమాఫిన్ కణంలోని పెద్ద వెసికిల్) కలిస్తే 3 ఫెమ్టోఫారడ్లకు కాస్త తక్కువ. నాడీకణాల్లోని 40 నానోమీటర్ల సినాప్టిక్ వెసికిల్‌కైతే 0.05 మాత్రమే, కణం మొత్తాన్ని కొలిచే హోల్ సెల్ రికార్డింగ్‌లో ఒక్కొక్కటిగా కనబడదు. అసలు చిక్కు వేరే ఉంది. పొర తిరిగి కణంలోపలికి పోవడం కూడా అదే గీతలో కలిసి వస్తుంది కాబట్టి గీత చదునుగా ఉందంటే విడుదల లేదని అనుకోకూడదు. ఛానళ్లు తెరవడానికిచ్చే వోల్టేజ్ పల్స్ నడుస్తున్నంతసేపూ ఛానళ్ల కరెంటు అడ్డొస్తుంది, నమ్మదగిన కొలత రాదు. పైగా పల్స్‌తో వచ్చే కాల్షియం ఛానల్ నోటి దగ్గర చిక్కగా, కాస్త ఎడంగా పలచగా ఉంటుంది; వెసికిల్‌కు తగిలింది ఎంతో తేలదు. అందుకే వెలుతురుకు విడిపోయే నైట్రోఫినైల్ ఈజీటీఏ అనే అణువులో బంధించిన కాల్షియాన్ని అతినీలలోహిత ఫ్లాష్‌తో కణమంతా ఒక్కసారిగా వదలడం మంచిది. ఈ వెసులుబాటు వల్లే నా ఓటు కెపాసిటెన్స్‌కు. పిపెట్‌లో ఈజీటీఏ (కాల్షియాన్ని పట్టేసే రసాయనం) ఎక్కువ పోస్తే మాత్రం ఛానళ్లకు దూరంగా ఉన్న వెసికిళ్ల విడుదల అణిగిపోతుంది. ప్రోటీన్ లోపమని పొరబడతారు.

యాంపెరోమెట్రీలో 5–10 మైక్రోమీటర్ల కార్బన్ ఫైబర్‌ను దాదాపు +700 మిల్లీవోల్టుల వద్ద ఉంచి కణానికి ఆనిస్తారు. బయటపడ్డ ప్రతి అడ్రినలిన్ అణువూ ఫైబర్ మీద ఆక్సీకరణ చెంది రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది కాబట్టి 1 పికోకూలంబ్ అంటే దాదాపు 31 లక్షల అణువులు. ఒక వెసికిల్ ఖాళీ అయినప్పుడు వచ్చే కరెంటు పోటే స్పైక్; దానికి ముందు కనిపించే చిన్న మెట్టు, రంధ్రం సన్నగా తెరుచుకున్న దశ. ఇది కెపాసిటెన్స్‌లో ఇంత తేలిగ్గా చిక్కదు. ఫైబర్ ఆనకపోతే అంతా పాడే: 1 మైక్రోమీటరు దూరానికి అణువులు మిల్లీసెకనులోపే చేరతాయి, 10 మైక్రోమీటర్లకు దాదాపు 80 మిల్లీసెకన్లు పడుతుంది, స్పైక్ సాగిపోతుంది. గ్లూటమేట్ లాంటి నాడీ రసాయనాలు ఈ ఫైబర్ మీద ఆక్సీకరణ చెందవు, అసలు కనబడవు.

రెండూ ఒకే కణం మీద పెట్టొచ్చు. అయితే ఫైబర్ చూసేది కణపొరలో ఒక చిన్న ముక్కనే. స్పైకుల లెక్కను మొత్తం కెపాసిటెన్స్ పెరుగుదలతో నేరుగా సరిపెట్టకండి.