పెట్ స్కాన్ బాగా తీశారు, కానీ ఇంజెక్షన్ తర్వాత కూర్చోబెట్టిన గది బాలేదు

అమ్మకి లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్. రెండు కీమోలయ్యాక డాక్టర్ గారు పెట్ సీటీ (గ్లూకోజ్‌ని ఎక్కువగా లాగే క్యాన్సర్ గడ్డలు వెలుగుతూ కనిపించే స్కాన్) రాస్తే హైదరాబాద్‌లోనే ఒక సెంటర్‌లో చేయించాం. పేరు రాయడం లేదు.

రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా పొద్దున ఏడింటికి వెళ్లాం. వేలు గుచ్చి షుగర్ చూశారు, 118 ఉంది. మందు సీసపు డబ్బాలో వచ్చింది, సిరంజికి కూడా బరువైన లోహపు తొడుగు. గ్లూకోజ్‌లాంటి పదార్థానికి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువు తగిలించిన మందు అది, 110 నిమిషాలకి సగం తగ్గిపోతుంది కాబట్టి ఆలస్యంగా వెళ్తే కుదరదు.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. అడగ్గానే టెక్నీషియన్ గారు విసుక్కోకుండా కన్సోల్ దగ్గర నిలబెట్టి చూపించారు. ఒంట్లో ఆ ఫ్లోరిన్ నుంచి పుట్టిన పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌లాంటిదే, పాజిటివ్ చార్జ్ ఉన్న కణం) కాస్త దూరం పోయి ఎలక్ట్రాన్‌ని తాకగానే రెండూ మాయమై, 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు ఎదురెదురు దిక్కులకి పోతాయి. చుట్టూ ఉన్న రింగ్‌లో రెండు క్రిస్టల్స్‌కి కొన్ని నానోసెకన్లలోపే తగిలితేనే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ రెండింటి మధ్య గీత మీదే ఎక్కడో ఆ పాజిట్రాన్ మాయమైందన్నమాట, అలాంటి లక్షల గీతల్లోంచి బొమ్మ వస్తుంది. ఆ పాజిట్రాన్, ఎలక్ట్రాన్ జంట పూర్తిగా కదలకుండా ఉండదు కాబట్టి కిరణాలు సరిగ్గా 180 డిగ్రీల్లో పోవు, పావు డిగ్రీ అటూఇటూ అవుతాయి, దాంతో రింగ్ సైజుని బట్టి ఒకట్రెండు మిల్లీమీటర్ల మసక వస్తుంది. ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన 511 అంకె అమ్మ కోసం పనిచేస్తుంటే కళ్లు చెమర్చాయి.

ఇంత జాగ్రత్తగా కొలిచే చోట, ఇంజెక్షన్ అయ్యాక గంటసేపు పడుకోబెట్టే గదిలో ఏసీ గడ్డకట్టించేలా పెట్టారు. పల్చటి దుప్పటి ఒక్కటే. అమ్మ వణుకుతోందని రెండుసార్లు చెప్పినా "కాసేపేగా అమ్మా" అన్నారు. చలేస్తే మెడ, భుజాల దగ్గరుండే బ్రౌన్ ఫ్యాట్ (ఒంటిని వెచ్చబెట్టే కొవ్వు) గ్లూకోజ్ లాగేసుకుని స్కాన్‌లో వెలుగుతుంది, అమ్మ గడ్డలున్నది కూడా మెడలోనే! నేను కారులోంచి శాలువా తెచ్చేసరికి అరగంట అయిపోయింది. మర్నాడు రిపోర్ట్‌లో మెడ దగ్గర "బ్రౌన్ ఫ్యాట్ కావచ్చు" అని ఒక లైన్. డాక్టర్ గారు సీటీతో పోల్చి చూసి కొవ్వే అని తేల్చేదాకా మాకు రెండు రోజులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

వెళ్లేవాళ్లు సాక్సులు, మందపాటి శాలువా పట్టుకెళ్లండి, ముందు రోజు నుంచే వెచ్చగా ఉండండి. ఆ గంటా పేషెంట్‌తో కబుర్లు పెట్టుకోవద్దు, మాట్లాడినా కండరాలు మందు లాగేస్తాయి. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు ఉంటే ఆ రోజంతా దూరంగా ఉంచండి. కీమోలన్నీ అయ్యాక మళ్లీ ఇక్కడికే వస్తాం, మంచి దుప్పట్లు పెట్టమని కాగితం మీద రాసి మేనేజర్ చేతికిచ్చి వచ్చాను.