వాల్యూమ్ తగ్గించాక దొరికిన గొంతు: తొమ్మిదేళ్ల తర్వాత 'డిలీట్ యువర్‌సెల్ఫ్!'

వేగమైన డ్రమ్ములు, గిటార్, అరుపులు కలిపి పాటలు కట్టిన జర్మన్ బృందం అటారీ టీనేజ్ రయట్. వాళ్ల మొదటి ఆల్బమ్ 'డిలీట్ యువర్‌సెల్ఫ్!' గురించి ఎవరిని అడిగినా ఒకటే సలహా ఇస్తారు: ఫుల్ వాల్యూమ్‌లో పెట్టి విను. నేనూ కనీసం పది మందికి ఆ మాటే చెప్పి ఉంటాను. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఆల్బమ్‌ని మెల్లగా వినాలి. పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతుంటే ఎంత పెడతామో, అంతే. అలా పెడితేగానీ అందులో పాడిన హనిన్ ఎలియాస్ గొంతు ఏమిటో తెలియదు. ఆ సంగతి నాకు నా ఎడమ చెవి పాడయ్యాకే తెలిసింది.

బెర్లిన్, 1992, అలెక్ ఎంపైర్, హనిన్, కార్ల్ క్రాక్, అటారీ కంప్యూటర్ మీద కట్టిన పాటలు, 1995లో ఆల్బమ్. ఇంతవరకు ఈ సంగీతం తెలిసిన వాళ్లందరికీ తెలుసు. నాకు మాత్రం ఈ పేరు గుంటూరులో ఇంటర్ చదివే రోజుల్లో పరిచయమైంది. 2006లో వచ్చిన 'టోక్యో డ్రిఫ్ట్' అనే కార్ల రేసుల సినిమాలో వీళ్ల 'స్పీడ్' పాట ఉంది. మా అన్నయ్య కంప్యూటర్‌లో ఆ ఒక్క పాటే ఉండేది. అది మొదలవగానే వంటింట్లోంచి అమ్మ "ఆ గోల ఆపరా" అని కేకేసేది. పదేళ్ల తర్వాత ఎం.ఎస్. చదవడానికి జర్మనీలోని మాగ్డెబుర్గ్ వచ్చాను. సెలవు రోజున లైప్‌జిగ్ వెళ్లినప్పుడు ఒక పాత సీడీల కొట్టులో మొత్తం ఆల్బమ్ కనపడింది. నాలుగు యూరోలు.  పాటల పోటీ సీడీలకీ క్రిస్మస్ పాటలకీ మధ్య మామూలుగా పడి ఉంది.

విన్నవాళ్లలో రెండు రకాలు చూశాను. ఒక రకం వాళ్లు మూడో నిమిషానికే ఇయర్‌ఫోన్స్ తీసి చేతిలో పెడతారు. ఇందులో పాట ఎక్కడుంది అంటారు. మా రూమ్మేట్ అక్క అలాగే అంది, ఆమె మాటలో అబద్ధం లేదు. ఇంకో రకం వాళ్లు ఆ మోతనే మెచ్చుకుంటారు. ఎంత కరుకుగా ఉంటే అంత నిజాయితీ అని వాళ్ల లెక్క. నేను ఆరేళ్లు ఈ రెండో గుంపులో ఉన్నాను. గట్టిగా పెట్టుకుంటే బుర్రలో ఇంకే ఆలోచనకూ చోటు ఉండదు. అప్పుడు నాకు కావాల్సింది అదే. బ్యాంకు లోను, థీసిస్, వీసా పొడిగింపు, ఇంటి ఫోన్లు, వీటి టెన్షన్ అంతా ఒక అరగంట పాటు ఊడ్చిపెట్టినట్టు పోయేది.

అసలు సంగతి 2022 శీతాకాలంలో జరిగింది. చదువు అయ్యాక కొత్త ఉద్యోగం మొదలవడానికి నాలుగు నెలల వ్యవధి ఉంటే, ఖర్చులకని పార్శిళ్లు వేరుచేసే గోడౌన్‌లో రాత్రి షిఫ్ట్‌కు వెళ్లాను. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు బెల్టుల రొద. అక్కడ చెవుల్లో పెట్టుకోవడానికి నురుగు బిళ్లలు ఇచ్చేవారు. పక్కవాళ్ల పిలుపు వినపడదని నేను సగం రోజులు పెట్టుకునేదాన్ని కాదు. షిఫ్ట్ దిగి ట్రామ్ ఎక్కగానే ఇయర్‌ఫోన్స్‌లో ఈ ఆల్బమ్. అంతకుముందు సరిపోయే వాల్యూమ్ ఇప్పుడు సరిపోవడం లేదు. ఒక గీత పెంచాను. వారానికి ఇంకో గీత. ఫోన్ హెచ్చరిక చూపిస్తే వేలితో తోసేసేదాన్ని.

జనవరిలో ఒక పొద్దున మంచం మీద పడుకుంటే ఎడమ చెవిలో విజిల్. ఎక్కడో నాలుగిళ్ల అవతల కుక్కర్ కూస్తున్నట్టు, ఎవరూ వెళ్లి స్టవ్ ఆపనట్టు. నిద్రపోయి లేచినా ఉంది. మూడో రోజుకీ ఉంది. నాకు భయమేసింది. అమ్మకు చెప్పలేదు. ఇ.ఎన్.టి. డాక్టర్ దగ్గర అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. చేతికిచ్చిన కాగితం మీద కుడి చెవి గీత తిన్నగా ఉంది. ఎడమ చెవి గీత 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచు శబ్దాల మేరలో, లోయలా దిగి మళ్లీ లేచింది. మోతకు దెబ్బతిన్న చెవి గీత ఇలాగే ఉంటుందని ఆవిడ చెప్పారు.

ఆవిడ చెప్పిన ఇంకో ముక్క నన్ను ఎక్కువ కదిలించింది. రొదలోంచి బయటికొచ్చిన చెవి కొన్ని గంటలు మొద్దుబారి ఉంటుంది. అందుకే సౌండ్ చాలడం లేదనిపించి పెంచుతాం. అలసిపోయిన చెవి మీదే ఇంకో దెబ్బ వేస్తాం. పని చోట్ల లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండొచ్చట. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. నేను గోడౌన్‌లోనే ఆ రోజు కోటా అంతా వాడేసుకుని ట్రామ్‌లో కొత్తగా మొదలుపెడుతున్నాను. కాబట్టి తప్పు ఆల్బమ్‌ది కాదు. ఏ పాట విన్నా ఇదే జరిగేది. అయినా ఇలాంటి ఆల్బమ్‌కి సమీక్ష రాస్తూ ఈ మాట చెప్పకపోతే అన్యాయమని నా నమ్మకం.

రెండు నెలలు ఇయర్‌ఫోన్స్ ముట్టుకోలేదు. విజిల్ సన్నగిల్లింది, పూర్తిగా పోలేదు. మార్చిలో ఒక ఆదివారం ఆగలేక సీడీ పెట్టాను, టేబుల్ మీది చిన్న స్పీకర్లలో. జర్మనీలో ఆదివారం చప్పుడు చేస్తే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. దానికి తోడు నా చెవి భయం. ఫ్రిజ్ చప్పుడు కంటే ఒక్క పిసరు ఎక్కువగా పెట్టాను. ఇది ఈ ఆల్బమ్‌ని వినడం కాదు, గుర్తు చేసుకోవడం అనుకున్నాను.

మొదటి పాట సగంలో చేతిలో ఉన్న టీ కప్పు కింద పెట్టేశాను. అందులో మనిషి ఉంది. ఆరేళ్లుగా అరుపుల గోడలా విన్నది, ఒక అమ్మాయి మాట్లాడుతున్నట్టు వినపడింది. ఏ మాట మీద గొంతు బొంగురుపోతోందో తెలుస్తోంది. ఎక్కడ మగవాళ్లిద్దరూ ఆమె మాట పూర్తికాకుండా అందుకుంటున్నారో, ఎక్కడ ఆమె వాళ్ల మాట మీదుగా దూసుకెళ్తోందో తెలుస్తోంది. గట్టిగా విన్నన్నాళ్లూ ఆ ముగ్గురూ ఒకేలా అరుస్తున్నారనుకున్నాను. కాదు. అలెక్ అరుపు ఆజ్ఞలా ఉంటుంది. కార్ల్‌ది ర్యాప్‌కి దగ్గర, తాళానికి అంటిపెట్టుకుని ఉంటుంది. హనిన్ మాత్రం ఎదుట నిలబడ్డ ఎవరితోనో నేరుగా తగువు పడుతున్నట్టు ఉంటుంది. ఆమె అరుపు వెనక, ఇది నా విషయం అన్న పట్టు ఉంది.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన దాన్ని కాబట్టి ఇది నా భ్రమా అని కాస్త తవ్వాను. భ్రమ కాదు. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు చెవి స్వభావాన్ని కొలిచి గీతలు గీశారు. చప్పుడు తగ్గే కొద్దీ మన చెవికి బేస్, అంటే బరువైన కింది స్థాయి శబ్దం, వేగంగా మాయమవుతుంది. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఉన్నది మాత్రం నిలబడుతుంది. మనిషి మాటలో స్పష్టత చాలావరకు అక్కడే ఉంటుంది. కాబట్టి వాల్యూమ్ దించితే ఛాతీ మీద గుద్దే ఆ బేస్ డ్రమ్ ముందుగా తప్పుకుంటుంది, గొంతు మిగులుతుంది. గీసుకుపోయే గిటార్ కూడా దాదాపు ఆ మేరలోనే ఉంటుంది నిజమే. కానీ అది ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంది కాబట్టి చెవి దాన్ని కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. గొంతు అలా కాదు, ప్రతిసారీ మారుతుంది.

గొంతుతో పాటు నిలబడేది స్నేర్ డ్రమ్, ఫట్‌మని పగిలే ఆ చిన్న డ్రమ్. ఈ తరహా సంగీతానికి ఊపిరి పోసిన ఆ డ్రమ్ ముక్క 1969 నాటిది. ద విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందంలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకన్లు. దాన్ని వేగం పెంచి, తరిగి, తిప్పి ఎన్ని వేల పాటల్లో వాడారో లెక్కలేదు. ఆయనకు అందులోంచి పైసా రాలేదు. 2006లో నిలువ నీడ లేకుండా చనిపోయారు. మెల్లగా వింటుంటే ఆ చేతి వాటం పోల్చుకోగలుగుతున్నాను. సంతోషంతో పాటు మనసు కలుక్కుమంటుంది.

హనిన్ తగువు ఎవరితోనో అర్థమైతే ఆ గొంతు ఇంకా దగ్గరవుతుంది. 1992 ఆగస్టులో జర్మనీలోనే రోస్టాక్ అనే ఊళ్లో వియత్నాం కార్మికులు ఉంటున్న ఇంటి మీద పెట్రోల్ సీసాలు విసిరి నిప్పంటించారు. లోపల వందమందికి పైగా ఉన్నారు. బయట వేలమంది నిలబడి చూశారు, కొందరు చప్పట్లు కొట్టారు. పై అంతస్తుల మీదుగా తప్పించుకుని లోపలివాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. ఈ బృందం ఆ ఏడాదే మొదలైంది. హనిన్ తండ్రి సిరియా మనిషి, కార్ల్ ఆఫ్రికాలోని స్వాజిలాండ్‌లో (ఇప్పటి ఎస్వాతిని) పుట్టినవాడు. నాజీల మీద విరుచుకుపడే జర్మన్ పాట ఒకటి ఆల్బమ్‌లో ఉంది, గ్లాస్గోలో జనం ముందు పాడిన రికార్డింగ్. గోడౌన్‌లో మా షిఫ్ట్ లీడర్ రోస్టాక్ వైపు మనిషే, నా కంటే పాతికేళ్లు పెద్ద. ఆయన ఈ ఆల్బమ్‌ని మెచ్చుకోలేదు. "అప్పుడు అరిచినవాళ్లు వీళ్లొక్కరే కాదు, కానీ ఎవరో ఒకరు అరవాల్సిందే" అని మాత్రం అన్నారు. పొద్దున చీకట్లో ఖాళీ ట్రామ్ ఎక్కేటప్పుడు ఎవరెవరు కూర్చున్నారో ఒకసారి చూసుకుని ఎక్కే దాన్ని నేను. ఆ గొంతు నాకు చరిత్ర పాఠంలా వినపడదు.

పొగడ్త కొంత తగ్గించుకోవాల్సినవి కూడా ఉన్నాయి. మెల్లగా వింటే గొంతు దొరికినట్టే లోపాలూ దొరికాయి. ఒకప్పుడు నేను ఆకాశానికెత్తిన గిటార్ చాలాచోట్ల చిన్న ముక్కని అతికించుకుంటూ పోవడమే. పాటలోని నినాదాలు గట్టిగా ఉన్నప్పుడు నిప్పుల్లా ఉంటాయి. మాటలుగా చూస్తే కొన్ని పలచన. అల్లరి మొదలుపెట్టమంటారు, ఆ తర్వాత ఏమిటో చెప్పరు. రెండో సగంలో రెండు పాటలు నేను దాటేస్తాను. హనిన్‌కి ఇంకా ఎక్కువ చోటు ఇచ్చి ఉండాల్సిందని ప్రతిసారీ అనిపిస్తుంది. 2010లో బృందం మళ్లీ మొదలైనప్పుడు ఆమె అందులో లేరు. కార్ల్ అయితే 2001లోనే చనిపోయాడు. ఈ ముగ్గురి గొంతులు మళ్లీ ఒకచోట వినే అవకాశం లేదు.

ఇదే పరీక్ష వీళ్ల 1999 ఆల్బమ్ '60 సెకండ్ వైప్ అవుట్'కీ పెట్టి చూశాను. అది నెగ్గలేదు. నిక్ ఎండో అనే నాలుగో సభ్యురాలు చేరాక హోరు బాగా చిక్కబడింది. గట్టిగా వింటే అదే గొప్ప, చాలామంది దాన్నే ఎక్కువ ఇష్టపడతారు, వాళ్లతో నాకు తగువు లేదు. మెల్లగా పెడితే మాత్రం గొంతులు ఆ హోరులో కరిగిపోతాయి. మొదటి ఆల్బమ్‌లో ఉన్న సందులే దానికి మేలు చేశాయి.

పోయిన వేసవిలో అమ్మ వచ్చినప్పుడు ఒక ఆదివారం ఇదే సీడీ, ఇదే వాల్యూమ్‌లో నడుస్తోంది. గోంగూర ఒలుస్తూ కూర్చున్న ఆవిడ చేయి ఆపి, "ఆ పిల్ల ఎవరి మీదే అంత కోపంగా ఉంది?" అంది. మగవాళ్ల గొంతుల సంగతి ఎత్తలేదు. ఇరవై ఏళ్ల కింద గోల ఆపమన్నది ఈ పాటలనేనని చెప్పలేదు. రోస్టాక్ సంగతి చెప్పాను. పాట అయ్యేదాకా విని, మళ్లీ గోంగూర అందుకుంది. మా ఇంట్లో ఆడపిల్ల గొంతు పెంచితే "మెల్లగా" అనేది ఆవిడే. ఆ రోజు ఆ మాట అనలేదు.

కొనమంటానా? నా పరిస్థితిలో ఉన్నవాళ్లకైతే అవును, అదీ స్పీకర్లలో వినగలిగితేనే. ట్రామ్‌లో, బస్సులో, మోత ఉన్న పని చోటు నుంచి వచ్చీ రాగానే వద్దు. డాన్స్ కోసం, జిమ్ కోసం వెతుకుతున్నవాళ్లకు నా మాట పనికిరాదు. వాళ్లకు నేను వదిలేసుకున్న ఆ బేసే కావాలి. రెండు చెవులూ బాగున్నవాళ్లకు ఇది ఇంకోలా వినపడవచ్చు. నేను ఇప్పుడు కుడి చెవి స్పీకర్ వైపు కాస్త తిప్పుకుని కూర్చుంటాను. అలా అయితేనే ఆమె వాక్యం చివరి మాట అందుతుంది.