పొగ పరీక్షలో తప్పిన పాత ఆల్టో: విజయనగరంలో ఒక చిన్న షెడ్డు పనితీరు

మా ఆల్టో 2010 డిసెంబరులో రిజిస్టరైన బండి. ఏపీ 35 నంబరు, 796 సీసీ ఇంజను, బీఎస్-3 (భారత్ స్టేజ్ అనే ప్రభుత్వ కాలుష్య హద్దుల్లో మూడోది) ప్రమాణం. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్లే చెల్లుతుంది కాబట్టి, గడువు దగ్గర పడుతుండగా రెన్యువల్‌కు కావలసిన కాగితాలు ఒక్కొక్కటే సిద్ధం చేసుకుంటూ, 2025 సెప్టెంబరులో బండిని పొగ పరీక్షకు తీసుకువెళ్లాను. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడు 0.82 శాతం వచ్చింది. ఈ తరగతి పెట్రోలు కారుకు హద్దు 0.5 శాతం. హైడ్రోకార్బన్లు, అంటే కాలని పెట్రోలు ఆవిరి, మాత్రం 310 పీపీఎం (పది లక్షల పాళ్లలో 310) దగ్గరే ఉన్నాయి, అంటే 750 హద్దుకు బాగా లోపల. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే రోగం పేరు రాసి ఉందని అప్పటికి నాకు తెలియదు.

ఆ చీటీని మొదట చూపించింది పట్టణంలో ఇంకొక వర్క్‌షాపులో. అక్కడివారు బానెట్ కూడా ఎత్తకుండా పొగలోని విషవాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు పోయిందనీ, దానితోపాటు పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సరు కూడా మార్చాలనీ, మొత్తం ఇరవై రెండు వేలవుతుందనీ చెప్పారు. బండిని అమ్మితే ఎంత వస్తుందో తెలిసినవాడికి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. అక్కడే నిలబడి వింటున్న మరొకాయన నన్ను పక్కకు పిలిచి, కన్వర్టరు తీసేసి ఖాళీ గొట్టం వెల్డింగ్ చేయిస్తే ఖర్చు వెయ్యి రూపాయల్లో తేలిపోతుందని సలహా ఇచ్చాడు. కన్వర్టరు లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది కాబట్టి, విప్పిన పాత కన్వర్టరుకు తుక్కు బజారులో మంచి ధరే పలుకుతుంది. ఆ లాభం ఎవరికి వెళుతుందో సలహాలో చెప్పలేదు. కన్వర్టరు లేని బండి మళ్లీ పొగ పరీక్షలో ఎలా నిలుస్తుందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఈ సమీక్ష ఆ తరువాత వెళ్లిన షెడ్డు గురించి. రింగు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో రేకుల షెడ్డు, ఇద్దరు పనివాళ్లు, ఒక కంప్రెసరు, ఇంజను కంప్యూటరులోని అంకెలు చదివే ఒక పాత స్కానరు. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయి చాలా కాలమయింది. మేస్త్రి యాభై దాటినవాడు. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకుని, తరువాత చిన్న కార్ల వైపు వచ్చాడు. చీటీ చేతికివ్వగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, పరీక్షకు ముందు బండి ఎంత దూరం నడిచిందన్నది. కంటోన్మెంట్‌లోని మా ఇంటి నుంచి నేరుగా వెళ్లానని చెప్పాను. కన్వర్టరు దాదాపు రెండు వందల యాభై, మూడు వందల డిగ్రీల వేడికి చేరితే గాని పని మొదలుపెట్టదు కాబట్టి, రెండు కిలోమీటర్లు నడిపి గొట్టంలో మీటరు పెట్టించడం దాని మీద సగం పరీక్షేనని ఆయన అభిప్రాయం. అయితే 0.82 ఒక్క చల్లదనంతో రాదనీ, ఇంకేదో ఉందనీ కూడా ఆయనే అన్నాడు.

ఆ చీటీని ఆయన చదివిన పద్ధతి ఈ షెడ్డును మెచ్చుకోవడానికి నాకున్న ప్రధాన కారణం. ప్లగ్గు సరిగ్గా మండకపోతే కాలని పెట్రోలు అలాగే బయటికి వచ్చి హైడ్రోకార్బన్ల అంకె ముందు పెరుగుతుంది. ఇక్కడ అది తక్కువగా ఉండి, కార్బన్ మోనాక్సైడు మాత్రమే ఎక్కువగా ఉంది. అంటే మంట పడుతోంది గాని, గాలికి తగినదానికంటే పెట్రోలు ఎక్కువ వెళుతోందన్నమాట. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి ఉన్నప్పుడే కన్వర్టరు మూడు రకాల విషవాయువులనూ ఒకేసారి శుద్ధి చేయగలదు. ఆ కొలత తప్పితే కొత్త కన్వర్టరు పెట్టినా గట్టెక్కించలేదు. అందుచేత పెట్రోలు ఎందుకు ఎక్కువ వెళుతోందో తేల్చకుండా కన్వర్టరు జోలికి పోనని ముందే చెప్పాడు.

స్కానరు తగిలిస్తే ఆక్సిజన్ సెన్సరు వోల్టేజి 0.1 దగ్గర అంటిపెట్టుకుని కనిపించింది. వేడెక్కిన సెన్సరు 0.1కీ 0.9కీ మధ్య ఉయ్యాల ఊగినట్టు మారుతూ ఉండాలి. అడుగున ఆగిపోయిందంటే పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని ఇంజను కంప్యూటరుకు కబురు వెళుతున్నట్టు. ఆ కబురు నమ్మి కంప్యూటరు పెట్రోలు పెంచుకుంటూ పోతోంది. సెన్సరు పోయిందని ఎవరైనా ఇక్కడే తేల్చేసేవారు. ఈయన మాత్రం "సెన్సరేటి సేస్తాదండి మాస్టారూ, దానికి ఎక్కడో దొంగగాలి తగులుతోంది" అని బండిని రాత్రికి షెడ్డులోనే వదిలి వెళ్లమన్నాడు.

మరునాడు ఉదయం ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు సైలెన్సరు చివర గుడ్డ చుట్టి, కంప్రెసరు గాలిని బాగా తగ్గించి లోపలికి వదిలి, జాయింట్లన్నిటి మీద సబ్బునీళ్లు చల్లించాడు. ఇంజను హెడ్డుకూ, సిలిండర్ల పొగను ఒక గొట్టంలోకి చేర్చే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డుకూ మధ్య ఉండే ప్యాకింగ్ దగ్గర, మూడో సిలిండరు వైపు, బుడగలు లేచాయి. పొగ ఎడతెగని ధారగా కాక దెబ్బదెబ్బగా వెళుతుంది గనుక, రెండు దెబ్బల నడుమ ఒత్తిడి తగ్గినప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సరు అబద్ధమాడలేదు, తన ముందుకు వచ్చిన గాలినే కొలిచింది. ఆ సందు సెన్సరుకు ముందు ఉండబట్టే ఇంత పని జరిగిందనీ, సైలెన్సరు వెనుక భాగంలో చిల్లు పడితే చప్పుడు పెరుగుతుంది గాని పెట్రోలు పెరగదనీ ఆయన వివరించాడు.

మ్యానిఫోల్డు విప్పేటప్పుడు దాన్ని బిగించే రెండు స్టడ్లు (మర బోల్టులు) తుప్పు పట్టి విరిగిపోయాయి. మనది సముద్రానికి దగ్గర ఊరు కావడమే కాక, ఈ బండి బతుకంతా మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం, గంటస్తంభం నుంచి ఇల్లు అన్నట్టు గడిచింది. అంత చిన్న దూరాలకు గొట్టం వేడెక్కదు, లోపల పేరుకున్న నీటి చెమ్మ ఆరిపోదు, ఇనుము లోపలి నుంచే తినుకుపోతుంది. విరిగిన స్టడ్లను డ్రిల్లింగ్ చేసి తీయడానికే ఒక పూట పట్టింది.

అదే సమయంలో బయటపడిన మరొక లోపానికి కారణం నేనే. పొద్దున్నే కారు దగ్గర పెట్రోలు వాసన వస్తోందని మాటవరసకు చెబితే, బంకులో ట్యాంకు ఎలా నింపిస్తారని అడిగాడు. గన్ తనంతట తాను ఆగిన తరువాత కూడా వంద రూపాయల లెక్క సరిచేయడానికి మరికొంత పోయించడం నాకు పదేళ్ల అలవాటు. ట్యాంకులోని ఆవిరి గాలిలో కలవకుండా పీల్చుకోవడానికి బొగ్గు నింపిన చిన్న డబ్బా, అంటే క్యానిస్టరు ఉంటుంది. అంచుదాకా నింపితే ఆవిరికి బదులు పెట్రోలే దానిలోకి చేరి బొగ్గును తడిపేస్తుంది. మా డబ్బా ఇంకా పనికివస్తుందని తేల్చి, గట్టిపడి చిట్లిన దాని రబ్బరు గొట్టాన్ని మాత్రం మార్చాడు. బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, మా బండి నాటి రబ్బరు దాన్ని ఉద్దేశించి చేసినది కాదు కాబట్టి పెట్రోలు గొట్టం కూడా మార్పించుకున్నాను. పీసీవీ వాల్వు (ఇంజను లోపలి ఆవిరిని మళ్లీ మంటలోకి పంపే వాల్వు) కడగడం, మూడు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు మామూలు పనులే.

ఇక లోపాలు. వాల్వు కవరు దగ్గర ఆయిలు చెమరుస్తోందని కొత్త ప్యాకింగ్ వేస్తూ, పనికుర్రాడు ఘాటైన పుల్లటి వాసన వేసే మామూలు సిలికాన్ పేస్టు పూయబోయాడు. ఆ పేస్టు నుంచి వచ్చే ఆవిరి పీసీవీ దారిన ఇంజనులోకి వెళ్లి, కాలి, ఆక్సిజన్ సెన్సరు మీద పూతలా పేరుకుని దాన్ని పాడుచేస్తుంది. నేను అడ్డుపడితే గాని మేస్త్రి చూడలేదు. చూశాక తుడిపించి, సెన్సరుకు హాని చేయని రకం ట్యూబు తెప్పించాడు. అంత ఓపికగా రోగం కనిపెట్టిన మనిషి చివరి పనిని కుర్రాడికి వదిలేయడం నాకు నచ్చలేదు. రెండు రోజుల్లో ఇస్తానన్న బండి ఆరు రోజులకు వచ్చింది; అది పైడితల్లి అమ్మవారి పండుగ వారం కాబట్టి సిరిమాను నాడు ఎవరూ పనిలోకి రారని నాకూ తెలుసు గాని, ఆ మాట ముందే చెప్పవలసింది. ఫోను ఎత్తడు. కూర్చోవడానికి ఒక స్టూలుంది, దాని మీద ఎప్పుడూ పానాల పెట్టె ఉంటుంది. బిల్లు ప్లగ్గుల డబ్బా అట్ట వెనుక రాసి ఇచ్చాడు. నేను పట్టుబట్టాక విడిభాగాలకు మాత్రం కొట్టు రశీదులు తెచ్చిచ్చాడు. మార్చిన పాత భాగాలన్నీ, విరిగిన స్టడ్లతో సహా, అడగకుండానే సంచిలో వేసి ఇచ్చాడు.

మొత్తం ఖర్చు 4,350 రూపాయలు, అందులో కూలి 1,800. కన్వర్టరూ సెన్సరూ పాతవే. మళ్లీ పరీక్షకు వెళ్లే ముందు నెల్లిమర్ల దాకా ఒక్క బిగిన నడిపి, తిరిగి వచ్చి, ఇంజను ఆపకుండా మీటరు పెట్టించమన్నాడు. అలాగే చేశాను. కార్బన్ మోనాక్సైడు 0.16 శాతం, హైడ్రోకార్బన్లు 120 పీపీఎం. బీఎస్-3 బండికి ఈ సర్టిఫికెట్టు ఆరు నెలలకే చెల్లుతుంది, బీఎస్-4 నుంచి పైవాటికి ఏడాది. కాబట్టి మా బండి మళ్లీ వేసవిలోగా వరుసలో నిలబడాలి. ఆ మధ్య సాలూరు మీదుగా ఒడిశా వైపు కొండదారి అయిన సుంకి ఘాట్ ఎక్కి వచ్చాను; ఎక్కడంలో పాత బరువు కొంత తగ్గినట్టు తోచింది, పొద్దుటి పెట్రోలు వాసన మాత్రం నిశ్చయంగా పోయింది.

బీఎస్-6 కార్ల వారికి ఈ షెడ్డు ఉపయోగపడదు. ఆ స్కానరు వాటిని చదవదు, మేస్త్రి కూడా ఆ మాట దాచకుండా చెప్పి పంపేస్తాడు. పదేళ్లు దాటిన మారుతీలు, పాత శాంత్రోలు ఉన్నవారు మాత్రం పొగ పరీక్ష చీటీ తప్పక వెంట తీసుకువెళ్లాలి. బండిని సాయంత్రమే అప్పగించి రావడం మేలు, ఎందుకంటే వేడి ఇంజను మీద ఆయన సబ్బునీళ్లు చల్లడు.