అమ్మకు వినిపించని అలారం: పొగ అలారాలతో అయిదు నెలలు

మా అమ్మకు 84 ఏళ్లు. రాత్రి పడుకునే ముందు చెవి మిషను తీసి, గుడ్డలో చుట్టి, మంచం పక్కన స్టీలు డబ్బాలో పెట్టుకుంటుంది. ఆ తర్వాత పక్కగదిలో పళ్లెం జారిపడినా ఆమెకు తెలియదు. మా ఇంట్లో పెట్టించిన నాలుగు పొగ అలారాల గురించి, వాటిని అమర్చిన సంస్థ పనితనం గురించి రాస్తున్నాను. అన్నిటికీ నేను పెట్టుకున్న కొలత ఆ స్టీలు డబ్బాయే.

మేముండేది బెంగళూరులో, కృష్ణరాజపురం రైల్వే స్టేషనుకు దగ్గర, మూడంతస్తుల భవనంలో రెండో అంతస్తు. నేను గుంతకల్లులో రైల్వే సిగ్నల్ విభాగంలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. గత మాఘమాసంలో ఒక శుక్రవారం సాయంత్రం అమ్మ ఇల్లంతా సాంబ్రాణి వేసింది. నిప్పురవ్వ ఒకటి మడిచిపెట్టిన దూది బొంత మీద పడిందని ఎవరమూ గమనించలేదు. రాత్రి రెండు గంటలకు మంచినీళ్ల కోసం లేస్తే నడవలో దీపం చుట్టూ మంచు కమ్మినట్టు పొగ. మంట ఎక్కడా లేదు. బొంత లోపల అరచేతి వెడల్పున ఎర్రగా రాజుకుంటోంది. దానికి నాలుగడుగుల దూరంలో అమ్మ నిద్రపోతోంది. మా ఆవిడ కూడా లేవలేదు. కాలుతున్న వాసనకు మెలకువ వస్తుందని అంతవరకు నమ్మేవాణ్ణి. నిద్రలో ముక్కు కాపలా కాయదు.

2010 ఫిబ్రవరి 23న ఇదే బెంగళూరులో, పాత విమానాశ్రయం రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో 9 మంది చనిపోయారు. అక్కడా మనుషులను తరిమింది పొగే. మా అబ్బాయి అప్పుడు ఆ రోడ్డులోనే వేరే ఆఫీసులో కొత్తగా చేరాడు. వాడి ఫోను కలిసేవరకు నేను స్టేషను గదిలో నిలబడే ఉన్నాను. అయినా పొగను పసిగట్టే పరికరం ఇంట్లో పెట్టాలన్న ఆలోచన నాకు రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ముందు ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. అక్కడ తక్కువ ధరకు చూపించినవి ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో వాడే రకం. వాటికి బ్యాటరీ ఉండదు, గంట ఉండదు. 24 వోల్టుల కరెంటు ఇచ్చే ప్యానెల్‌కు, అంటే భవనం మొత్తానికి ఉండే కంట్రోల్ పెట్టెకు, కలిపితేనే పనిచేస్తాయి. అది తెలియక కొని, ఇంటి సీలింగుకు బిగించుకుని, రక్షణ ఉందనుకుని పడుకునేవాళ్లు ఉంటారేమోనని తలచుకుంటే భయం వేసింది. ఇంటికి కావలసింది తనలోనే బ్యాటరీ, తనలోనే కూత ఉన్న అలారం. పెట్టె మీద అమెరికా ప్రమాణం యూఎల్ 217 గానీ, యూరప్ ప్రమాణం ఈఎన్ 14604 గానీ ఉందో లేదో చూడండి. మేము తీసుకున్నవి యూఎల్ 217 ఉన్నవి. ఒక్కొక్కటి 2,600 రూపాయలు. పదేళ్లు నడిచే లిథియం బ్యాటరీ లోపలే సీలు చేసి ఉంది. నాలుగూ రేడియో సంకేతంతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఒకటి మోగితే నాలుగూ మోగుతాయి.

వీటిలో రెండు జాతులున్నాయి. అయొనైజేషన్ రకంలో అమెరిషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం లేశమాత్రం ఉంటుంది. భగ్గున లేచే మంటను అది త్వరగా పట్టుకుంటుంది. ఫోటోఎలక్ట్రిక్ రకం లోపల చిన్న చీకటిగది ఉంటుంది. అందులో దీపం ఒక పక్కకు, దాన్ని చూసే కన్ను మరో పక్కకు తిరిగి ఉంటాయి. పొగ దూరితే వెలుగు చెదిరి కంటికి తగులుతుంది, అలారం మోగుతుంది. మా బొంతలాగా లోలోపల రాజుకునే నిప్పుకు ఇదే మేలు. పోపు పొగకు ఊరికే మోగడం కూడా ఇందులోనే తక్కువ. నేను తీసుకున్నవి ఇవే.

పరికరం మీద నాకు ఫిర్యాదు లేదు. అమర్చిన తీరు మీద ఉంది. ఫోనులో బుక్ చేస్తే వచ్చిన కుర్రాడు కోలారు వైపువాడు, తెలుగు చక్కగా మాట్లాడాడు. నలభై నిమిషాల్లో నాలుగూ బిగించి 1,200 రూపాయలు తీసుకుని వెళ్లాడు. అమ్మ గదిలో అలారాన్ని ఫ్యాను రెక్క చివరికి అడుగు దూరంలో పెట్టాడు, నిచ్చెన అక్కడ వేసి ఉంది కనుక. నడవలోదాన్ని వంటింటి గుమ్మం ఎదుటే పెట్టాడు. పైగా మూత తీసిన అలారాన్ని కిందే ఉంచుకుని పైన డ్రిల్లు వేశాడు. సిమెంటు ధూళి తిన్నగా ఆ చీకటిగదిలోకి పోయింది. పొగ చేసే పనే ధూళి కూడా చేస్తుంది. మూడో రోజు తెల్లవారుజామున, ఏ పొగా లేకుండా, ఇల్లు దద్దరిల్లింది. ఆ వారంలోనే ఎండుమిర్చి పోపుకు మూడుసార్లు మోగింది. "దాన్ని తీసి అటకమీద పెట్టండి, తలనొప్పి" అంది మా ఆవిడ. ఆమెది తప్పు కాదు. చోటు తప్పయితే అలారం చివరికి చేరేది అటకమీదకే.

సంస్థకు ఫోను చేస్తే "ఎక్కడ పెట్టినా మోగుతుంది సార్" అన్నారు. సిగ్నల్ విభాగంలో ఎవరైనా అలా మాట్లాడితే నేను ఊరుకునేవాణ్ణి కాదు, ఇక్కడా ఊరుకోలేదు. మళ్లీ పంపించారు, డబ్బు అడగలేదు. ఈసారి టేపు నేను పట్టుకున్నాను. పొయ్యికి కనీసం పదడుగుల దూరం ఉండాలి. మాకు నడవ చివర పద్నాలుగు అడుగుల్లో చోటు దొరికింది. ఫ్యాను రెక్క చివరి నుంచి మూడడుగులు వదలాలి, లేకపోతే ఆ గాలి పొగను పక్కకు నెట్టేస్తుంది. అమ్మ గది పదీ పదకొండు అడుగులు, నడిమధ్య 48 అంగుళాల ఫ్యాను. రెక్క రెండడుగులు, దానికి మూడు కలిపితే మధ్య నుంచి అయిదడుగులు. గోడల వైపు చోటే మిగల్లేదు. మూల వైపు ఏటవాలుగా కొలిస్తే సరిపోయింది. రెండు గోడలకూ అడుగున్నర దూరంలో పెన్సిలుతో గుర్తుపెట్టాను. ఆ కుర్రాడు శ్రద్ధగా చూశాడు, లెక్క తన ఫోనులో రాసుకున్నాడు. డ్రిల్లు వేసేటప్పుడు ఈసారి అలారాలను పక్కగదిలో పెట్టి తలుపు వేశాడు. ధూళి నిండినదాన్ని మార్చి కొత్తది కూడా ఇప్పించాడు.

అంతా అయ్యాక అసలు పరీక్ష. "ఇది మోగితే మెలకువ వస్తుందా అమ్మా?" అని అడిగాను. "పడుకుంటాను, మోగించు, చూద్దాం" అంది. చెవి మిషను తీసి డబ్బాలో పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. మీట నొక్కి పట్టుకున్నాను. నాలుగూ ఒక్కసారి మోగాయి. మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ అంటే చెవులు మూసుకోవాల్సిన మోత. కింది ఇంటివాళ్లు బాల్కనీలోకి వచ్చి పైకి చూశారు. అమ్మ కదల్లేదు. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. ఇటు తిరిగి, "ఎప్పుడు మోగిస్తావు నాయనా?" అంది.

మామూలు అలారం కూత దాదాపు 3,000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వయసు మీదపడితే ముందుగా పోయేది ఆ సన్నని శబ్దాలు వినే శక్తే. వినికిడి తగ్గినవాళ్లను నిద్ర లేపడానికి 520 హెర్ట్జ్ బొంగురు శబ్దం ఎంతో మెరుగు. మా అబ్బాయి స్నేహితుడి ద్వారా విదేశం నుంచి ఒక పరికరం తెప్పించాడు. మంచం పక్కన పెట్టేది. మా అలారాలు మూడుసార్లు కూసి, ఆగి, మళ్లీ మూడుసార్లు కూస్తాయి. అది ఆ వరుసను గుర్తుపట్టి తాను బొంగురుగా మోగుతుంది, పరుపు కింద పెట్టిన బిళ్లను గడగడా కదిలిస్తుంది. రెండో పరీక్షలో అమ్మ లేచి కూర్చుని, నన్ను పట్టించుకోకుండా, కర్ర తీసుకుని తలుపు వైపు నడిచింది. నేను మాట్లాడలేకపోయాను.

వంటింట్లో పొగ అలారం వద్దు. పొగకు కాక వేడికి మోగే రకం విడిగా దొరుకుతుంది, అది పెట్టాను. గ్యాసు లీకును ఈ రెండూ పసిగట్టవు. వంటగ్యాసు గాలికంటే బరువు, నేలమీద పరుచుకుంటుంది. దాని అలారం నేలకు అడుగు ఎత్తులోనే ఉండాలి. అది ఇంకా కొనాలి.

ప్రతి నెలా ఒకటో తేదీ ఉదయం నాలుగింటి మీటలూ నొక్కుతాను. ఆర్నెల్లకోసారి వాక్యూమ్ క్లీనర్ మెత్తని బ్రష్షుతో అంచులు శుభ్రం చేయాలి. బెంగళూరు వానలకు దీపం చుట్టూ చేరే చిన్న పురుగులు వీటిలోకి కూడా దూరతాయి. ఇంటికి రంగులు వేసేటప్పుడు వీటిమీద బ్రష్షు తగలకూడదు. నిమిషానికోసారి చిన్నగా కిచకిచమంటే బ్యాటరీ అయిపోతోందని అర్థం. సీలు చేసిన రకమైతే అలారమే మార్చాలి.

అమర్చిన సంస్థకు అయిదింట మూడు ఇస్తాను. ఆ కుర్రాడు మళ్లీ వస్తాడంటే పిలుస్తాను, టేపు మాత్రం నా చేతిలోనే ఉంటుంది. అలారాలకు అయిదుకు అయిదు. ఎంత మంచివైనా వీటి ఆయువు తయారైన నాటి నుంచి పదేళ్లే. మావాటి వెనుక 2024 నవంబరు అని ఉంది. 2034 నవంబరులో నాలుగూ మార్చాలని నెలనెలా ఈ పరీక్షలు రాసుకునే రిజిస్టరు అట్టమీదే పెద్ద అక్షరాలతో రాశాను, అప్పటికి ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉన్నా కనబడేలా.