అణు నమూనాల పెట్టె: నాలుగు నెలలు పిల్లలతో వాడాక

పదో తరగతి పిల్లలకు సైన్సు చెప్పేవాళ్ళు అణు నమూనాల పెట్టె కొనాలా అని అడిగితే కొనమనే అంటాను. కానీ దాన్ని పిల్లల చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోకండి, పక్కనే కూర్చోండి. ఆ పెట్టెలో రంగు బంతులు పరమాణువులు, వాటిని కలిపే పుల్లలు బంధాలు. బంతులు చెప్పేది చాలావరకు నిజం. పుల్లలు చెప్పేదాంట్లో సగమే నిజం. ఎనిమిది మంది పిల్లలతో వాడి చూశాక ఈ మాట రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో ఇంటి దగ్గరే తొమ్మిది, పది తరగతులకు ట్యూషన్ చెబుతాను. జూన్‌లో బడులు తెరిచిన వారానికి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్కూళ్ళకు ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక షాపులో ఈ పెట్టె తీసుకున్నాను. 680 రూపాయలు. షాపాయన విసుక్కోకుండా పెట్టె విప్పి, సామానంతా బల్ల మీద గుమ్మరించి లెక్కపెట్టుకోమన్నారు. కార్బన్ నల్లవి 12, హైడ్రోజన్ తెల్లవి 20, ఆక్సిజన్ ఎర్రవి 8, నైట్రోజన్ నీలంవి 4, క్లోరిన్ ఆకుపచ్చవి 4, సోడియం ఊదావి 2. ఒంటి బంధానికి పొట్టి పుల్లలు 30, జంట బంధానికి వంగే గొట్టాలు 12. గొట్టాల్లో రెండు తక్కువ వచ్చాయి. అడగ్గానే ఇంకో పెట్టెలోంచి తీసి ఇచ్చారు. షాపు వరకు నాకు ఏ ఇబ్బందీ లేదు.

ఈ రంగులు కంపెనీవాళ్ళు తమకు నచ్చినట్టు వేసినవి కావు. 1865లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసం ఇస్తూ, క్రోకే ఆట బంతులకు రంగులు వేసి, కడ్డీలు గుచ్చి అణువుల్ని చూపించారు. కార్బన్‌కి నలుపు, హైడ్రోజన్‌కి తెలుపు, ఆక్సిజన్‌కి ఎరుపు అప్పటి నుంచీ వస్తున్నవే. కాకపోతే ఆయన చేసిన మీథేన్ బల్లపరుపుగా, ప్లస్ గుర్తులా ఉండేది. కార్బన్ తన నాలుగు చేతుల్నీ నాలుగు దిక్కులకు, పైకీ కిందికీ చాచి ఉంటుందని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారు విడిగా చెప్పారు.

ఇంత కాలమైనా మనం బోర్డు మీద మీథేన్‌ని ప్లస్ గుర్తులాగే గీస్తాం. నేనూ అంతే, పన్నెండేళ్ళు అలాగే గీశాను. మొదటి రోజు ఒక అమ్మాయి నల్లబంతికి నాలుగు తెల్లబంతులు తగిలించి బల్ల మీద పెట్టింది. అది మూడు కాళ్ళ మీద నిలబడి, నాలుగోది పైకి చూపించింది. దొర్లించి ఇంకోలా పెట్టింది. మళ్ళీ మూడు కిందికి, ఒకటి పైకి. ఎటు తిప్పినా అంతే. బంధాల మధ్య కోణం 109.5 డిగ్రీలు అని చెప్పే పని నాకు లేకుండా పోయింది. ఆ పిల్లే కోణమానిని అడిగి తీసుకుంది.

సంయోజకత, అంటే వేలెన్సీ, చెప్పడానికైతే ఇంతకన్నా మంచి వస్తువు నాకు తెలీదు. కార్బన్‌కి నాలుగు చిల్లులు, నైట్రోజన్‌కి మూడు, ఆక్సిజన్‌కి రెండు, హైడ్రోజన్‌కి ఒకటి. చిల్లు మిగలకూడదు, అదొక్కటే నియమం. వేలెన్సీ పట్టిక తడుముకోకుండా అప్పజెప్పే ఒక అబ్బాయి ఫార్ములా రాయమంటే మాత్రం టెన్షన్ పడేవాడు. వాడే వారం తిరక్కుండా అమ్మోనియా, నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్ పుస్తకం చూడకుండా కట్టేశాడు. ఆక్సిజన్ రెండు చేతులూ ఒకే కార్బన్‌ని పట్టుకోవాలని వాడికి వేళ్ళతో తెలిసింది.

నాకు బాగా నచ్చిన రోజు బ్యూటేన్ రోజు. నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు ఇచ్చి ఏదైనా కట్టమన్నాను. ఒక జట్టు నాలుగు నల్లబంతుల్నీ వరసగా కలిపింది. ఇంకో జట్టు మూడింటిని వరసగా పెట్టి, నాలుగోదాన్ని మధ్యదానికి కొమ్మలా తగిలించింది. పెట్టెలో ఉన్న 20 హైడ్రోజన్లూ సరిగ్గా సరిపోయాయి. మాది రైటంటే మాది రైటని రెండు జట్లూ వాదులాడుకున్నాయి. రెండూ నిజంగా ఉన్న పదార్థాలే. వరసగా ఉన్నది మామూలు బ్యూటేన్, −0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కొమ్మ ఉన్నది ఐసోబ్యూటేన్, −11.7 దగ్గరే మరుగుతుంది. పరమాణువులన్నీ అవే, అమరిక మారితే గుణం మారింది. పిల్లల్ని మా ఫ్రిజ్ వెనక్కి తీసుకెళ్ళి స్టిక్కర్ చూపించాను. ఆర్600ఏ అని ఉంది. అంటే ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాస్ ఐసోబ్యూటేనే. వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండేది కూడా ఎక్కువగా బ్యూటేన్, ప్రొపేన్ కలిపినదే. ఆ సాయంత్రం ఎవరి ఇంట్లో ఫ్రిజ్ ఏదో అందరూ చూసి వచ్చారు.

రసాయన చర్యల దగ్గరకొస్తే పెట్టె సగం దూరం చక్కగా తీసుకెళ్తుంది. ఒక మీథేన్, రెండు ఆక్సిజన్ అణువులు కట్టించాను. అన్నీ ఊడదీసి, అవే బంతులతో ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు నీళ్ళు కట్టించాను. ఒక్క బంతి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. సమీకరణాన్ని తుల్యం చేయడం అంటే అంకెలతో ఆట కాదని, బల్ల మీది బంతులు మాయమైపోకూడదనడమేనని ఎనిమిది మందికీ తెలిసింది. ప్రొపేన్ కాల్చాలంటే మాత్రం పది ఆక్సిజన్లు కావాలి, పెట్టెలో ఎనిమిదే. మిగతా రెండూ మైదా ముద్దలో కుంకుమ కలిపి చేసుకున్నాం. తయారుచేసేవాళ్ళు ఇంకో నాలుగు ఎర్రబంతులు వేసి ధర 20 రూపాయలు పెంచినా ఎవరూ ఏమీ అనుకోరు.

మీథేన్ కాల్చిన రోజే ఒక అబ్బాయి పుల్లలు కూడా లెక్కపెట్టాడు. ముందు నాలుగు పొట్టి పుల్లలు, నాలుగు గొట్టాలు. తర్వాత కూడా నాలుగు పొట్టి పుల్లలు, నాలుగు గొట్టాలు. "పుల్లలు అన్నే ఉన్నాయి కదా. మరి మంట ఎలగొచ్చింది మేడమ్?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఈ పెట్టె దగ్గర జవాబు లేదు. పైగా తప్పుడు జవాబు చెబుతుంది. పుల్ల లాగడానికీ బలం కావాలి, గుచ్చడానికీ బలం కావాలి. చేతికి అలా తెలిసిన పిల్లలు బంధం కట్టడానికి కూడా శక్తి ఖర్చవుతుందనుకుంటారు. లేదా పుల్లలో శక్తి దాగి ఉందని, విరిస్తే బయటికొస్తుందని అనుకుంటారు. రెండూ తప్పే. బంధం తెంచడానికి ఎప్పుడూ శక్తి పెట్టాలి. బంధం ఏర్పడినప్పుడు శక్తి బయటికొస్తుంది. 16 గ్రాముల మీథేన్‌ని కాల్చేటప్పుడు పాత బంధాలన్నీ తెంచడానికి సుమారు 2,650 కిలోజౌళ్ళు పడతాయి. కొత్తవి కట్టుకునేటప్పుడు సుమారు 3,450 వస్తాయి. ఆ మిగిలిన 800 కిలోజౌళ్ళే మనకు తగిలే వేడి. కొత్త బంధాలు పాతవాటికన్నా గట్టివి కాబట్టే మంట. పుల్లలన్నీ ఒకే ప్లాస్టిక్కుతో, ఒకే బిగుతుగా చేసిన పెట్టెలో ఇది కనిపించదు.

నేను చేసిందేమిటంటే, పాడైన స్పీకర్లలోంచి రెండు అయస్కాంతాలు తీయించి తెచ్చాను. దగ్గరకు తెస్తే అవే లాక్కుని టక్కున అతుక్కుంటాయి, చప్పుడొస్తుంది. విడదీయాలంటే గుంజాలి. ఆ చప్పుడే బయటికొచ్చే శక్తి అనుకోండని చెప్పాను. పరమాణువుల్ని పట్టి ఉంచేది అయస్కాంత శక్తి కాదని, ఎలక్ట్రాన్లకూ కేంద్రకాలకూ మధ్య ఉండే విద్యుత్ ఆకర్షణ అని కూడా చెప్పాను. లేకపోతే ఒక తప్పు తీసి ఇంకో తప్పు పెట్టినట్టవుతుంది. పుల్లలున్న చోట నిజానికి ఉండేవి ఇద్దరూ పంచుకున్న ఎలక్ట్రాన్లు.

ఇక ఉప్పు సంగతి. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో (అంతా ఇంగ్లీషే, అక్షరాలు చీమల్లా ఉన్నాయి) సోడియం క్లోరైడ్ అని ఒక ఊదాబంతి, ఒక పచ్చబంతి, మధ్యలో ఒక పుల్ల బొమ్మ వేశారు. పిల్లలు అచ్చం అలాగే కట్టి "ఉప్పు అణువు" అని చూపించారు. ఉప్పులో అలాంటి జంట ఉండదు. సోడియం ఒక ఎలక్ట్రాన్ వదులుకుని ధనావేశం, క్లోరిన్ దాన్ని తీసుకుని రుణావేశం పొందుతాయి. తర్వాత ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్‌లు (ఎలక్ట్రాన్ తీసుకున్న క్లోరిన్లు), ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు చేరతాయి. ఎవరి జంట ఎవరో చెప్పలేం. వేరే వేరే ఆవేశాలు అన్ని వైపుల నుంచీ లాగుతుంటాయి కాబట్టే ఉప్పు (నీళ్ళలో కాదు, వేడికి) కరగాలంటే 801 డిగ్రీలు కావాలి.

మాది నౌపడ. నాన్న అక్కడి ఉప్పు కొఠారుల్లో 30 ఏళ్ళు పనిచేశారు. దసరా సెలవులకు మా ఇంటికి వస్తూ కల్లుప్పు మూట తెచ్చారు. ఉప్పు గురించి పిల్లలకు మీరే చెప్పండి నాన్నా అని కూర్చోబెట్టాను. సముద్రం నీళ్ళు లీటరులో 35 గ్రాముల దాకా లవణాలు ఉంటాయి. మడి నుంచి మడికి మళ్ళిస్తూ ఎండబెడితే, పదో వంతుకు ఇగిరాక ఉప్పు కట్టడం మొదలవుతుంది. అంతకు ముందే జిప్సం అడుగున పడిపోతుంది. ఆఖరున మిగిలే చేదు నీళ్ళు వదిలెయ్యకపోతే అందులోని మెగ్నీషియం ఉప్పులోకి వచ్చేసి, వానాకాలం ఉప్పు చెమ్మగిల్లుతుంది. అంకెలు నేను చెప్పాను. చేదు నీళ్ళ రుచి, నీటి రంగు చూసి ఎప్పుడు గీకాలో తెలుసుకోవడం నాన్న చెప్పారు.

తర్వాత పెద్ద ఉప్పు కల్లు ఒకటి ఏరి, భూతద్దం కింద పెట్టాం. అంచులు తిన్నగా, మూలలు లంబంగా ఉన్నాయి. నాన్న దాని మీద చాకు ఆనించి చిన్న రాయితో తట్టారు. రెండు ముక్కలైంది, ముక్కలకు కూడా అలాంటి తిన్నని ముఖాలే వచ్చాయి. దెబ్బకి లోపలి సోడియం, క్లోరైడ్‌ల వరస కాస్త జరిగితే ఒకే ఆవేశం ఉన్నవి ఎదురెదురుగా వస్తాయి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే పగులుతుంది. మా అమ్మ వాడిన బుడితి ఇత్తడి చెంబుని అలాగే కొడితే సొట్ట పడుతుందే గానీ పగలదు. రాగి, జింకు పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్లు అందరివీ అయి తిరుగుతుంటాయి, వరస జరిగినా పట్టు పోదు. ఇత్తడిని కూడా ఈ పెట్టెతో కట్టలేం.

వినాయక చవితికి తెచ్చిన బంకమట్టి మిగిలింది. దానితో పెద్ద ఉండలు 14, చిన్న ఉండలు 13 చేశారు. క్లోరైడ్ పెద్దది, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సోడియం చిన్నది. పెట్టెలో అయితే అన్ని బంతులూ ఒకే సైజు, అదొక లోటు. స్వీటు డబ్బాలో ఒకటి విడిచి ఒకటి, వరసకు మూడు చొప్పున మూడు అంతస్తులు పేర్చారు. పుల్ల ఒక్కటీ వాడలేదు. నడిమధ్య చిన్న ఉండను ఆరు పెద్ద ఉండలు ఆనుకుని ఉన్నాయి. నాన్న ఆ డబ్బాని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. అన్నేళ్ళు గీసి కుప్ప పోసిన ఉప్పు లోపల ఎలా ఉంటుందో ఆయన చూడడం అదే మొదటిసారి.

చిన్న చిన్న విషయాలు కూడా చెప్పేస్తాను. నాలుగు నెలల్లో రెండు తెల్లబంతుల చిల్లులు పగిలాయి, పొట్టి పుల్లలు ఐదు వదులయ్యాయి. పుల్ల చివర కాస్త మైనం రాస్తే మళ్ళీ నిలబడుతున్నాయి. నీళ్ళ అణువు కోణం కొలిస్తే 109 దాకా వచ్చింది, నిజానికి 104.5 ఉండాలి. ఆక్సిజన్ దగ్గర బంధంలో లేని రెండు ఎలక్ట్రాన్ జంటలు హైడ్రోజన్లని దగ్గరకు నెడతాయి, ఆ జంటలు పెట్టెలో లేవు. ఎనిమిది మందికి ఒక పెట్టె చాలదు, రెండు కొనండి. ఐదుకి నేను నాలుగు ఇస్తాను, ఆ పోయిన ఒకటి పుస్తకంలోని ఉప్పు బొమ్మకే.

ఆ పేజీ మీద ఇప్పుడు తెల్లకాగితం అంటించాం. దాని మీద పిల్లలు నాన్న పగలగొట్టిన ఉప్పు ముక్కని టేపుతో అతికించి, కింద "చుట్టూ ఆరు" అని రాశారు.